అనసూర్య నొప్పి

మా అక్క దినాలు అయిన మరునాడే మా బావ బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కట్టించాడు. అందులో ఆయన తెల్లచొక్కా వేసుకుని, చేతులు జోడించి, ఊరంతటికీ దండం పెడుతున్నాడు. వెనక మబ్బుల్లో మా అక్క. కింద పెద్ద అక్షరాలతో 'అర్ధాంగి అనసూర్య ఆశయాల సాధనకై, పుట్టెడు దుఃఖంలోనూ మీ సేవకు మీ పరశురాములు' అని రాసి ఉంది. పంచాయతీ ఎలక్షన్లకు నోటిఫికేషన్ ఇంకా రాలేదు. కానీ సర్పంచ్‌గా నిలబడేది ఆయనే అని అందరికీ తెలుసు.

పాలకని బయల్దేరినదాన్ని ఆ ఫ్లెక్సీ కిందే ఆగిపోయాను. ఫొటోలో అక్క తొడుక్కున్న జాకెట్టు నేను కుట్టిందే. ఎడమ భుజం దగ్గర కొంచెం జారినట్టుంటే, తీరిక చూసుకుని సరిచేస్తానన్నాను. నాకు ఏడుపు రాలేదు. మా అక్కకు ఆశయాలు ఏమున్నాయో నాకు తెలియదు. చివరి రెండు రోజులూ ఆమె అడిగింది మాత్రం ఒక్కటే, దవాఖానకు తీసుకుపొమ్మని. అది తీర్చని మనిషి ఇప్పుడు ఆమె బొమ్మ పెట్టుకుని ఓట్లు అడగబోతున్నాడు.

ఈ మనిషిని ఊరి ముందు నిలబెట్టాలి అనుకున్నాను. ఎట్లాగో అప్పటికి తెలియదు. పాలు తెచ్చుకుని ఇంటికి వచ్చి పొయ్యి మీద పెట్టాను.

మేమిద్దరం ఖానాపూర్ పిల్లలం. అక్కను కరీంనగర్ దగ్గరి ఈ ఊరికి ఇచ్చారు, కొన్నేళ్లకు నన్నూ ఇక్కడికే ఇచ్చారు. మా ఆయన ముత్యం మస్కట్‌లో డ్రైవరు. నేను ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను. అక్కావాళ్ల ఇల్లు మా వాడకు ఆ చివర. ఆమె ఇంట్లో పోపు వేస్తే మా ఇంట్లో తుమ్ములు వచ్చేంత దూరం.

అక్క పోయిన రోజు బావ ఇంట్లో దావత్. దసరా వెళ్లి చలి మొదలైంది, పత్తి ఏరుడు నడుస్తోంది. ఎలక్షన్ల మాట వినబడగానే కులపెద్దలను, పక్క వాడలవాళ్లను పిలిచి ఆయన యాటలు కోయించి విందు పెట్టాడు. సాయం చేద్దామని నేను వెళ్లేసరికి అక్క పొయ్యి దగ్గర పీట మీద కూర్చుని ఉంది. ముఖం నిండా చెమట. పొయ్యి సెగ అనుకుని కొంగుతో తుడుద్దామని చెంప మీద చెయ్యి వేస్తే మంచులా చల్లగా తగిలింది.

"దవడ గుంజుతుంది జమునా, నిన్న మాపటిసంది," అంది అక్క. "రెండు రెక్కల నడుమ ఎవరో కూసున్నట్టుంది. గీ గంజు లేపుదామంటె దమ్మొస్తలేదు. పొద్దున కక్కుకున్న గూడ. మీ బావకు చెప్పిన, దవాఖానకు పోదామని."

బీపీ గోలీలు వేసుకుంటున్నావా అని అడిగాను. వానాకాలంలోనే అయిపోయాయంది. తెమ్మని చెప్పిందట, ఎవరూ తేలేదు. తనూ మళ్లీ అడగలేదు.

వాళ్ల అత్త బాలవ్వ అక్కడే ఉల్లిగడ్డలు కోస్తోంది. తల ఎత్తకుండానే, "మేం చెయ్యలేదా గిసొంటి పనులు? పని మీదవడ్డప్పుడే వస్తయమ్మా గీ నొప్పులు. పని తప్పిచ్చుకునే నొప్పులు," అంది.

నేను బయటికి వచ్చి ఆటోకు ఫోన్ చేశాను. ఆటో వచ్చి వాకిట్లో ఆగింది. అక్కను లేపి, చెప్పులు తొడిగి, గడప దాకా తెచ్చాను కూడా. అప్పుడే బావ సోడా సీసా, ఈనో పొట్లం పట్టుకుని వచ్చాడు. లోపల మంది కూర్చుని ఉన్నారని గొంతు తగ్గించి మాట్లాడాడు.

"గ్యాస్ గది. సోడ తాగితె పోతది. ఇంటినిండ మందుంటె ఆడిదాన్ని ఆటోల ఏసుకోని పోతవా? ఏమనుకుంటరు? రేపు పొద్దుగాల నేనే కరీంనగర్ తీస్కపోత."

ఆటో డ్రైవర్‌ను వెళ్లిపొమ్మన్నాడు. నేను గొడవ పెట్టుకున్నాను. అక్క నా చెయ్యి పట్టుకుని, వాళ్లను తిని పోనియ్యమంది. సోడా తాగింది. ఆ చెమటతోనే వడ్డించింది. పొద్దు వాలాక, అంట్లు కడిగే బండ దగ్గర కూలబడింది.

కరీంనగర్ దవాఖానలో స్ట్రెచర్ పక్కన పరుగెత్తుతూ డ్యూటీ డాక్టరు, నొప్పి ఎప్పటి నుంచి అని అడిగాడు. బావ వెంటనే, "ఇప్పుడే సార్, గంటయితుండొచ్చు. అప్పటిదాంక మంచిగనే ఉండె," అన్నాడు.

"నిన్నటిసంది సార్," అన్నాను నేను.

డాక్టరు మా ఇద్దరి ముఖాలూ చూశాడు. ఎవరిది నిజమో ఆయనకు తెలిసింది. కాసేపటికి బయటికి వచ్చి, ప్రాణం పోయిందని బావకు చెప్పి, తర్వాత నన్ను పక్కకు పిలిచాడు. ఆడవాళ్లకు గుండెపోటు వచ్చినప్పుడు ఒక్కోసారి ఛాతీలో నొప్పే ఉండదన్నాడు. దవడ, మెడ, వీపు గుంజడం, ఆయాసం, వాంతులు, చల్లటి చెమట, వల్లమాలిన నీరసం, ఇట్లా వస్తే గ్యాస్ అనుకుని ఇంట్లోనే ఉంచుతారన్నాడు. "పొద్దున తీసుకొచ్చినా..." అని మొదలుపెట్టి, నా ముఖం చూసి ఆపేశాడు. ఆ మిగతా సగం మాట నాతోపాటే ఇంటికి వచ్చింది.

పరామర్శకు వచ్చిన ప్రతివాళ్లకూ బావ ఒకటే చెప్పాడు. "చిటికెల పోయింది. ఏం జేస్తం, దేవుడు పిలిచిండు." బాలవ్వ పక్కన కూర్చుని తల ఊపింది. విని విని అందరూ అదే అనసాగారు. చిటికెలో పోయిందట, అదృష్టవంతురాలట.

ఫ్లెక్సీ చూసిన రోజు నుంచి నేను మొదలుపెట్టాను. పెళ్లిళ్ల కాలం కాబట్టి రోజూ ఎవరో ఒకరు జాకెట్టు గుడ్డ పట్టుకుని వచ్చేవాళ్లు. ఛాతీ చుట్టూ టేపు వేసి కొలత తీస్తుంటే ఎవరైనా మా అక్క సంగతి ఎత్తకుండా ఉండరు. నేను టేపు అట్లాగే పట్టుకుని చెప్పేదాన్ని. దవడ నొప్పి, చెమట, సోడా, వాకిట్లోంచి వాపస్ పోయిన ఆటో, దవాఖానలో చెప్పిన అబద్ధం, ఏదీ వదిలిపెట్టలేదు. విన్నవాళ్లు ఊపిరి బిగబట్టి నిలబడితే కొలత తప్పేది. మళ్లీ తీసేదాన్ని.

కానీ ఒక్కొక్కరికి చెప్పడం నాకు ఆనలేదు. మందిని ఒక్కచోట కూర్చోబెట్టి చెప్పాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి కొత్తగా వచ్చిన డాక్టర్ పద్మలత దగ్గరికి వెళ్లాను. బీపీ, షుగర్ పరీక్షలకు ఆడవాళ్లు రావడం లేదని, కబురు చేస్తే పని ఉందంటారని ఆవిడ బాధపడుతోంది. మిషన్లు పట్టుకుని మా ఊరికి రమ్మన్నాను. మందిని జమ చేసే పూచీ నాదన్నాను. ఎందుకు చేస్తున్నానో చెప్పలేదు.

మహిళా సంఘం భవనం నిండింది. డాక్టరమ్మ గోడకు గుండె బొమ్మ తగిలించి రక్తనాళాల గురించి చెప్తుంటే వెనక వరసలో పత్తి రేటు మాట్లాడుకున్నారు. ఆవిడ చెప్పడం అయిపోయాక నేను లేచాను. మా అక్కను పొయ్యి దగ్గర చూసిన దగ్గర నుంచి మొదలుపెట్టాను. బావ పేరు ఎక్కడా ఎత్తలేదు. పెనిమిటి అన్నాను, అంతే. నేను చెప్పడం ముగిసేసరికి వెనక వరసవాళ్లు ముందుకు జరిగి కూర్చున్నారు.

అప్పుడు డాక్టరమ్మ బొమ్మను వదిలేసి వాళ్ల మధ్యకు వచ్చి నేల మీద కూర్చుంది. బీపీ గోలీలు మొదలుపెట్టి మానేసినవాళ్లు ఎవరని అడిగింది. ముందు ఒక చెయ్యి లేచింది. దాన్ని చూసి ఇంకో చెయ్యి. ఆ తర్వాత చాలా లేచాయి. కాన్పప్పుడు బీపీయో షుగరో వచ్చినవాళ్లు, పొద్దున లేస్తూనే పళ్లకు పొగాకు గుడాకు పెట్టుకునేవాళ్లు, పూటపూటా తొక్కుతోనే బువ్వ తినేవాళ్లు, అందరూ ఒక్కొక్కరే చెప్పసాగారు. గుడాకు మానాలి, ఉప్పు తగ్గించాలి, గోలీలు ఒక్కనాడూ తప్పొద్దు, వంటింట్లో తిరిగేది నడక కాదు, రోజూ కొంచెం సేపు వేరేగా నడవాలి అని ఆవిడ చెప్తుంటే ఈసారి విన్నారు. మిషన్ ముందు వరస కట్టారు. ఇద్దర్ని ఆ రోజే కరీంనగర్ పంపవలసి వచ్చింది.

పోయేముందు డాక్టరమ్మ నన్ను ఆపింది. అప్పటికి ఎవరో ఆవిడకు అంతా చెప్పారు.

"ఆటో సంగతి లేకుండా చెప్పలేరా జమునా? ఎలక్షన్ల టైం. రాజకీయం అంటారు."

"ఆటో లేకుంటె అది మా అక్క చావు కాదు మేడం."

"మీరు ఇది జబ్బు గురించి చేస్తలేరు."

"చేస్తలేను," అన్నాను.

ఆవిడ బీపీ మిషన్ పెట్టెలో సర్దుకుంది. పెట్టె మూసి, వచ్చేవారం కింది వాడలో పెడదామంది.

నోటిఫికేషన్ వచ్చింది. ఫ్లెక్సీలు తీసేశారు. బావకు ఉంగరం గుర్తు వచ్చింది. ఆయన వాడవాడా తిరిగి ఓట్లు అడిగితే, ఆయన వెళ్లిన వాడకే మర్నాడు నేనూ డాక్టరమ్మా వెళ్లేవాళ్లం. అప్పుడే ఊళ్లో ఒక మాట పుట్టింది. ఎవరు పుట్టించారో తెలియదు. కింది వాడలో ఒకావిడకు దవడ లాగితే మొగుడితో, "నాకు అనసూర్య నొప్పొస్తుంది, బండి తియ్యి," అందట. ఆయన అన్నం కంచం వదిలేసి బండి తీశాడు. తీరా చూస్తే పిప్పిపన్ను. ఊరంతా నవ్వింది కానీ మాట నిలిచిపోయింది. ఆడవాళ్లు ఆ మాట అంటే చాలు, మగవాళ్లకు సోడా అనే ధైర్యం లేకుండా పోయింది. ఫ్లెక్సీ మీద పేరు రాయించుకున్నంత సులువుగా ఈ నోళ్లను ఆయన మూయించలేడు. ఆ మాట విన్నప్పుడల్లా నా కడుపు చల్లబడేది.

బావ మీద నిలబడ్డ హనుమండ్లు ఒకరోజు మా ఇంటికి వచ్చాడు. తన మీటింగులో మైకు ఇస్తాను, ఇదే కథ చెప్పమన్నాడు. మా అక్క చావును ఒకరు మబ్బుల్లో పెట్టి అమ్ముకున్నది చాలన్నాను. మీ భార్యకు బీపీ చూపించారా అని అడిగాను. ముఖం చిన్నబుచ్చుకుని వెళ్లాడు. తర్వాతి వారం ఆయన భార్య మాత్రం వరసలో కనిపించింది.

మస్కట్ నుంచి మా ఆయన, సొంతవాళ్లతో పగ ఏమిటని ఫోన్‌లో కోప్పడ్డాడు. నేను ఫోన్ పెట్టేసి మిషన్ తొక్కుకున్నాను.

ఆఖరికి బావే వచ్చాడు. పగటిపూట, ఒంటరిగా. మిషన్ ముందున్న కుర్చీలో కూర్చున్నాడు. మనిషి చిక్కిపోయాడు. ఒక్క క్షణం, ఈయనకూ బాధ ఉందేమో అనిపించింది. అంతలో నోరు విప్పాడు.

"నువ్వు చేసేది మంచిగున్నదా జమునా? ఇల్లిల్లు తిరిగి దండం పెడ్తుంటె ఆడోళ్లు నా మొకం చూస్తలేరు. మీ అక్క నా భార్య గాదా? నాకు లేదా దుఃఖం?"

"ఉంటె మంచిదే బావా."

"గ్యాసనుకున్న. నాకేం తెలుసు? నేనేమన్న డాక్టర్నా?"

"డాక్టర్‌వు కాదు. అందుకే డాక్టర్ దగ్గరికి తీస్కపొమ్మన్నది."

ఆయన లేచి నిలబడ్డాడు. ఎలక్షన్ అయ్యేదాకానైనా నోరు మూసుకొమ్మన్నాడు, తర్వాత ఏమైనా చెప్పుకోమన్నాడు. దవాఖానలో గంటే అయిందని ఎందుకు చెప్పావని నేను అడిగాను. ఆయన ఆ ప్రశ్న విననట్టే చెప్పులు వెతుక్కున్నాడు. ఆ క్షణం నాకు ఆయన మీద మిగిలిన కాస్త జాలి కూడా పోయింది.

ప్రచారం చివరిరోజున ఊళ్లో ఆయన ర్యాలీ. డీజే మోతకు మా గోడలు అదురుతున్నాయి. నేను తలుపు దగ్గరేసుకుని కాజాలు కుడుతున్నాను. తలుపు తోసుకుని బాలవ్వ వచ్చింది. అక్క పోయాక ఆమె మా గడప తొక్కలేదు. గోడ పట్టుకుని నిలబడి, మెల్లగా కిందికి జారి కూర్చుంది. ముఖం పాలిపోయి ఉంది. ఆ చలిలో రవికె తడిసి వీపుకు అంటుకుంది.

"దవడ గుంజుతుంది బిడ్డా," అంది. "పొద్దటిసంది. నువ్వు చెప్పిన తీరుగనే."

నేను సూది కింద పెట్టలేదు. ఉల్లిగడ్డలు కోస్తూ తల ఎత్తని ఈ మనిషిని ఇప్పుడు బాగా చూశాను. ఇంట్లో ఎవరూ లేరు. డీజే మోతలో ఎవరు అరిచినా వినబడదు. నేను లేవకుండా ఇట్లాగే కూర్చుంటే చాలు.

"గ్యాసేమో అత్తా. సోడ తాగుతవా?" అన్నాను.

ఆమె నా వైపు చూసింది. కోపం రాలేదు ఆమెకు. చెయ్యి గుండెల మీద పెట్టుకుని, ఊపిరి అందుకుని, "వానికి మాత్రం చెప్పకు బిడ్డా," అంది. "వాడు గట్లనే అంటడు."

నేను సూది గుడ్డకు గుచ్చి లేచాను.

ముందు 108కి చేశాను, తర్వాత డాక్టరమ్మకు. ఇట్లాంటప్పుడు నమిలించే గోలీల పట్టీ ఒకటి ఆవిడ అంతకుముందే నాకు ఇచ్చి, తనను అడగకుండా ఎవరికీ వేయొద్దని చెప్పింది. ఫోన్‌లో అన్నీ అడిగి తెలుసుకుని, ఒకటి నమిలించమంది. బాలవ్వకు పళ్లు సరిగా లేవు. చిగుళ్లతో నమిలింది. అంబులెన్సు ఎక్కిస్తుంటే వాడలో ఇంటింటి గుమ్మంలో ఆడవాళ్లు నిలబడి చూశారు. "అనసూర్య నొప్పి," అని ఎవరో పక్కావిడకు చెప్పడం నాకు వినబడింది.

చౌరస్తా దగ్గర ర్యాలీ అడ్డం వచ్చింది. డ్రైవరు సైరన్ మోగించాడు. జనం రెండు పాయలుగా తప్పుకున్నారు. డీజే ఆపమని ఎవరో సైగ చేశారు. ఓపెన్ టాప్ జీపులో మెడ నిండా దండలతో బావ నిలబడి ఉన్నాడు. అంబులెన్సు పక్క నుంచి పోతుంటే, లోపల ఎవరున్నారో తెలియక, మర్యాదగా రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు. అద్దంలోంచి నేను చూస్తూనే ఉన్నాను. బాలవ్వ కళ్లు మూసుకుని ఉంది. నా చేతిలో ఫోన్ ఉంది. నేను చెయ్యలేదు.

కరీంనగర్‌లో ఆమెను నేరుగా లోపలికి తీసుకెళ్లారు. రక్తనాళం పూడుకుపోయిందని చెప్పి స్టెంటు వేశారు. సమయానికి తెచ్చావమ్మా, ఎట్లా గుర్తుపట్టావని అక్కడి డాక్టరు మెచ్చుకోలుగా అడిగాడు. మా అక్క చెప్పిందన్నాను.

సాయంత్రానికి బావ వచ్చాడు. నుదుట గులాలు ఇంకా ఉంది. ఐసీయూలో ఒక్కరినే రానిస్తామంటే బతిమాలుకుని, నేనున్నా లోపలికి వచ్చాడు. తల్లి చెయ్యి పట్టుకుని, తర్వాత నా వైపు తిరిగి, "నాకొక్క ఫోన్ జెయ్యకపోతివి. ఎదురుంగనే ఉంటిని గదా?" అన్నాడు.

నేను జవాబు చెప్పేలోగా మంచం మీంచి బాలవ్వ మాట్లాడింది. గొంతు చాలా సన్నగా ఉంది.

"నేనే వద్దన్నరా. అనసూర్య నీకు చెప్పింది. ఏం జేసినవ్?"

ఆయన చెయ్యి వదిలేశాడు. నర్సు బయటికి పొమ్మంటే, అదే అదనుగా వెళ్లిపోయాడు. నేను అద్దం తలుపులోంచి ఆయన వరండాలో ఎటు పోవాలో తెలియక నిలబడడం చూశాను. ఇన్నాళ్లూ నేను చూడాలనుకున్నది అదే. కళ్లనిండా చూశాను.

పోలింగ్ రోజుకు ఊరంతటికీ తెలిసిపోయింది. పరశురాములు తల్లి, ప్రాణం మీదికి వస్తే, కొడుకును కాదని జమున ఇంటికి నడిచిపోయిందట. నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన పని పడలేదు. ఆ రోజు ఆడవాళ్ల వరస బడి గోడ దాటి రోడ్డు మీదికి వచ్చింది. సాయంత్రం లెక్కింపులో హనుమండ్లు గెలిచాడు. పటాకులు మోగుతుంటే బావ బడి వెనక దారిన ఇంటికి పోయాడు. ఆ తర్వాత ఆయన మా ఇంటి ముందు నుంచి రావడం మానేశాడు.

పగ అక్కడితో తీరిందని మా ఆయన అనుకున్నాడు. డాక్టరమ్మ కూడా అనుకుందేమో. నాకు ఇంకొకరు మిగిలి ఉన్నారు. దవాఖాన నుంచి ఇంటికి పంపే రోజున, బాలవ్వ సంచి సర్దుతూ నేను అడిగాను.

"ఆనాడు పొయ్యి కాడ మా అక్కనన్న మాట యాదికున్నదా అత్తా?"

"ఉన్నది."

"అది మందిల చెప్పాలె నువ్వు."

ఆమె కిటికీ వైపు తిరిగింది. కాదంటుందనుకున్నాను. కాదంటే ఏం చెయ్యాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. కానీ ఆమె సరే అంది.

కొంచెం కోలుకోగానే పక్క ఊళ్లకు తీసుకుపోవడం మొదలుపెట్టాను. డాక్టరమ్మ కబురు చేసిన ఊరికల్లా మేమిద్దరం బస్సెక్కి వెళ్లేవాళ్లం. నేను ముందు మా అక్క సంగతి చెప్పేదాన్ని. తర్వాత బాలవ్వ లేచి నిలబడి, ఆ అత్తను నేనే అని చెప్పేది. ఆ మాట అనగానే ఆడవాళ్ల చూపులన్నీ ఆమె మీదికి తిరిగేవి. ఆ చూపులు నాకు కావాలి. వాటి కిందే ఆమె తనకొచ్చిన నొప్పి గురించీ, కోడలి నొప్పి గురించీ చెప్పేది.

సంక్రాంతి దాటాక గంగాధర వైపు ఒక ఊళ్లో మీటింగు. ముందు వరసలో ఒక పిల్ల కూర్చుంది. కొత్తకోడలు, చంకలో పసిగుడ్డు, పక్కనే అత్త. బాలవ్వ ఆ పిల్లను చూస్తూ మాట్లాడుతోంది. పొయ్యి దగ్గరి మాట వచ్చేసరికి ఆ పిల్ల మీంచి చూపు తిప్పుకుంది. ఆ మాట దాటేసి, దవాఖాన సంగతికి పోబోయింది.

"అది గూడ చెప్పత్తా," అన్నాను నేను.

చెప్పింది. చెప్పి, కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. ఎవరో నీళ్లు తెచ్చిచ్చారు. నేను ఇవ్వలేదు. ముందు వరసలోని అత్త తన కోడలి చంకలోంచి పిల్లాణ్ని తీసుకుని, పో, పోయి బీపీ చూపించుకోమంది.

తిరుగు బస్సులో ఇద్దరికీ పక్కపక్కనే సీటు దొరికింది. బాలవ్వ కిటికీ వైపు కూర్చుంది. పసుపు తవ్వుతున్న చేలు, ఆరబోసిన కొమ్ములు వెనక్కి పోతున్నాయి.  ఊరు దగ్గర పడుతుండగా అడిగింది.

"ఇంకెన్ని ఊర్లు తిప్పుతవ్ బిడ్డా నన్ను?"

"నువ్వు బతికున్నన్ని దినాలు," అన్నాను. "మాపటి గోలీ ఏసుకున్నవా?"

ఆమె నడుము దగ్గరి సంచి విప్పి వెతికింది. నేను సీసా మూత తీసి పట్టుకున్నాను. గోలీ మింగి, నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, రేపు ఏ ఊరని అడిగింది.